చివరి ఊరికి చేరే నీరు: డోన్ మెట్ట ప్రాంతపు గొట్టపు మార్గాల రూపకల్పన, తనిఖీలలో కంప్యూటర్ నమూనాలు

వ్యాస సంగ్రహం

నదీ జలాలను మెట్ట భూములకు ఎత్తిపోసి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా చెరువులకు, గ్రామాలకు చేర్చే పథకాలు రాయలసీమలో నానాటికీ విస్తరిస్తున్నాయి. ఈ గొట్టపు మార్గాల రూపకల్పనలో కంప్యూటర్ నమూనాలు, ఆప్టిమైజేషన్ పద్ధతులు నేడు సర్వసాధారణం. తక్కువ ఖర్చును మాత్రమే లక్ష్యంగా ఎంచుకున్న గణితం, వ్యవస్థలోని వెసులుబాటును చివరి ఊరి వద్ద హరించివేస్తుందని ఈ వ్యాసం ఒక లెక్క ద్వారా చూపుతుంది. రూపకల్పనతో పక్కన పెట్టేసే నమూనాయే నిర్వహణ కాలంలో తనిఖీ సాధనం కాగలదని వివరిస్తుంది.

కీలక పదాలు: డోన్, హంద్రీ-నీవా, గొట్టపు జాలం, ఆప్టిమైజేషన్, చివరి పీడనం, తనిఖీ, పోరుమామిళ్ల శాసనం.

1. నేపథ్యం

ఒకప్పుడు ద్రోణాచలంగా పిలువబడిన డోన్ పట్టణం రైల్వే జంక్షనుగా, ఖనిజాల గనులకు, నాపరాళ్ల పనులకు నెలవైన ప్రాంతంగా అందరికీ తెలుసు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. జీవనది ఏదీ ఈ ఊరిని ఆనుకొని పారదు. 1860ల దశకంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ తవ్వింది. లాభాలు రాక కంపెనీ చేతులెత్తేయగా 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనుగోలు చేసింది. కాలువ నీరు వాలునే పారుతుంది. కాబట్టి సుంకేసుల కన్నా ఎంతో ఎత్తున ఉన్న డోన్ మెట్టకు ఆ కాలువతో పని లేకపోయింది.

ఈ మెట్టకు నది నీరు రావాలంటే ఎవరో ఒకరు దాన్ని ఎత్తాలి. హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం ఆ పని చేసింది. మల్యాల వద్ద శ్రీశైలం వెనుక జలాలను తోడి, దశలవారీగా ఎత్తిపోస్తూ 40 టీఎంసీల నీటిని రాయలసీమ జిల్లాలకు అందించాలన్నది దాని సంకల్పం. ఆ ప్రధాన కాలువ నుంచి నీటిని మళ్లీ తోడి, గొట్టాల ద్వారా డోన్, పత్తికొండ ప్రాంతాల్లోని పదుల సంఖ్యలో చెరువులను నింపే లక్కసాగరం పంప్‌హౌస్ 2023 సెప్టెంబరు 19న ప్రారంభమైంది. మరోవైపు 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్, గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల తాగునీటిని కుళాయి ద్వారా అందించాలని నిర్దేశించింది. చెరువు నింపే గొట్టమైనా, కుళాయికి వెళ్లే గొట్టమైనా ఒకే జలగతి శాస్త్ర సూత్రాలకు లోబడి పనిచేస్తుంది.

ఎత్తిన నీటి విలువ ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 100 మీటర్లు ఎత్తడానికి, పంపు, మోటారుల ఉమ్మడి సామర్థ్యం 75 శాతం అనుకుంటే, కోటి యూనిట్లకు కాస్త పైగా విద్యుత్తు కావాలి. ఇంత ఖరీదైన నీరు గొట్టంలోకి వెళ్లాక ఎవరికి ఎంత చేరుతుందన్నది గొట్టాల వ్యాసాలను నిర్ణయించిన రోజునే చాలావరకు తేలిపోతుంది.

2. ఒక పాత తనిఖీ పట్టిక

నీటి నిర్మాణాల గుణదోషాలను క్రమపద్ధతిలో రాసిపెట్టడం ఈ సీమకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద రెండు రాతి పలకలపై 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువుకు రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్లు అది నమోదు చేసింది. చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు పట్టే ఆరు దోషాలను కూడా శాసనకర్త వరుసగా పేర్కొన్నాడు.

ఆ దోషాలను నేటి ఇంజనీరు చదివితే ఆశ్చర్యపోక తప్పదు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెరక వంటివి క్షేత్ర తనిఖీలో కనిపించే లోపాలు. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారం కావడం, నీరు అధికమై ఆయకట్టు కొంచెం కావడం మాత్రం వేరే కోవకు చెందినవి. అవి కంటికి కనిపించే పగుళ్లు కావు. సరఫరాకూ అవసరానికీ మధ్య కుదరని లెక్కలు. నేటి పరిభాషలో రూపకల్పన నియమాల ఉల్లంఘనలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా ఆ జాబితాలో దోషమే. రెండు శాఖల మధ్య, రెండు పద్దుల మధ్య నలిగే పథకాలను చూసినవారికి ఈ దోషాన్ని విడమరచి చెప్పనవసరం లేదు.

3. నమూనా అంటే ఏమిటి

గొట్టపు జాలపు కంప్యూటర్ నమూనాలో నీరు తీసుకునే చోట్లు బిందువులుగా, గొట్టాలు గీతలుగా ఉంటాయి. ప్రతి బిందువుకు నేల ఎత్తు, నీటి అవసరం. ప్రతి గొట్టానికి పొడవు, వ్యాసం, గరుకుదనం తెలపాలి. ఆపైన నమూనా రెండే నియమాలను పాటిస్తుంది. ఒక బిందువులోకి వచ్చిన నీరంతా బయటికి వెళ్లాలి. రెండు బిందువుల మధ్య శక్తిలో వచ్చే తేడా, గొట్టంలోని ఘర్షణ నష్టానికి సమానం కావాలి. ఈ సమీకరణాలు సరళరేఖీయమైనవి కావు కనుక వరుస సవరణలతో పరిష్కరించాలి. 1980ల చివర టోడిని, పిలాటి ప్రతిపాదించిన పద్ధతి ఇందుకు ఆధారమైంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో ఉచితంగా విడుదల చేసిన ఎపానెట్ సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రపంచమంతటికీ చేరవేసింది.

ఘర్షణ నష్టాన్ని మన దేశపు తాగునీటి పథకాల్లో ఎక్కువగా హేజెన్-విలియమ్స్ సూత్రంతో లెక్కిస్తారు. ఆ సూత్రంలో గమనించవలసిన సంఖ్యలు రెండు. నష్టం ప్రవాహపు 1.852వ ఘాతంతో పెరుగుతుంది, వ్యాసపు 4.87వ ఘాతంతో తగ్గుతుంది. అంటే గొట్టం వ్యాసంలో చేసే చిన్న పొదుపు, పీడనంలో పెద్ద మూల్యాన్ని అడుగుతుంది.

4. ఒక ఊహా మార్గం

విషయం స్పష్టం కావడానికి కేవలం ఉదాహరణగా ఒక మార్గాన్ని ఊహించవచ్చు. గుట్టపైనున్న తొట్టి నుంచి చివరి ఊళ్ల గుంపుకు 4 కిలోమీటర్ల గొట్టం. తొట్టి నీటిమట్టం చివరి ఊరి నేల కన్నా 22 మీటర్ల ఎత్తు. ప్రవాహం సెకనుకు 20 లీటర్లు. రోజుకు ఎనిమిది గంటలు పారితే పదివేల మందికి పైగా మనిషికి 55 లీటర్ల చొప్పున సరిపోతుంది. ఒక అంతస్తు ఇళ్లకు అవసరమని కేంద్ర మార్గదర్శక గ్రంథం చెప్పే 7 మీటర్ల పీడనం చివర మిగలాలి. కాబట్టి దారిలో ఖర్చు పెట్టగలిగింది 15 మీటర్లే.

గొట్టం కొత్తది, నునుపు గుణకం 140 అనుకుంటే, 150 మిల్లీమీటర్ల వ్యాసంతో మొత్తం మార్గం వేసినప్పుడు ఘర్షణకు 33 మీటర్లు పోతాయి. నీరు చేరదు. 200 మిల్లీమీటర్లతో వేస్తే పోయేది 8.2 మీటర్లు మాత్రమే. వ్యాసం మూడోవంతు పెరిగితే నష్టం నాలుగోవంతుకు పడిపోయింది. ఇప్పుడు ఈ రెండు వ్యాసాలనూ కలిపి అతి తక్కువ ఖర్చుతో మార్గం వేయమని కంప్యూటర్‌ను అడిగితే, లీనియర్ ప్రోగ్రామింగ్ పద్ధతి క్షణంలో జవాబిస్తుంది: 2.91 కిలోమీటర్లు 200 మిల్లీమీటర్లు, మిగిలిన 1.09 కిలోమీటర్లు 150 మిల్లీమీటర్లు. నష్టం సరిగ్గా 15 మీటర్లు. చివర మిగిలేది సరిగ్గా 7 మీటర్లు.

ఈ ‘సరిగ్గా’ అన్న మాట దగ్గరే ఆగాలి. అది యాదృచ్ఛికం కాదు. ఖర్చును కనిష్ఠం చేసే ఏ పద్ధతి అయినా తనకిచ్చిన పీడనాన్ని పూర్తిగా ఖర్చు పెడుతుంది. మిగిలించిన ప్రతి మీటరూ దాని దృష్టిలో వృథాయే. ఆ మిగులు ఎక్కడ ఉండేదో చూస్తే, అది చివరి ఊరి వాటా.

పదేళ్లు గడిచాయనుకుందాం. జనాభా పెరిగి ప్రవాహాన్ని పది శాతం పెంచవలసి వచ్చింది. నష్టం 17.9 మీటర్లకు చేరి, చివర 4.1 మీటర్లే మిగులుతుంది. ఇది ఇబ్బందే కానీ ప్రమాదం కాదు. అసలు ప్రమాదం గరుకుదనంతో వస్తుంది. సున్నపు పొర, బురద మేట, గుట్టల దగ్గర ఇరుక్కున్న గాలి కలిసి నునుపు గుణకాన్ని 140 నుంచి 100కు దించితే ఘర్షణ 87 శాతం పెరుగుతుంది. 7 మీటర్ల పీడనంతో చివరి ఊరికి చేరే నీరు అనుకున్నదానిలో 71 శాతమే. మొత్తం మార్గం 200 మిల్లీమీటర్లతో వేసి ఉంటే, అదే క్షీణత తరవాత కూడా 99 శాతం నీరు చేరేది. ఈ రెండు రూపకల్పనల మధ్య తేడా ఒక కిలోమీటరుకు కాస్త మించిన గొట్టం ధరలో వ్యత్యాసం.

5. ఆప్టిమైజేషన్ ఏమి అడిగితే అది ఇస్తుంది

ఈ పరిశోధనా రంగం చరిత్ర చిన్నది, ఆసక్తికరమైనది. 1977లో ఆల్పెరోవిట్స్, షమీర్ ఎనిమిది గొట్టాలతో రెండు వలయాల ఒక చిన్న జాలాన్ని పరీక్షా సమస్యగా ప్రతిపాదించారు. ఒక్కో గొట్టానికి పద్నాలుగు వ్యాసాల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. ఎనిమిది గొట్టాలే అయినా కూర్పుల సంఖ్య 147 కోట్లు దాటుతుంది. 1997లో సావిచ్, వాల్టర్స్ ప్రకృతి వరణాన్ని అనుకరించే జెనెటిక్ అల్గారిథమ్‌తో ఈ సమస్యను పరిష్కరించి చూపాక, అటువంటి పద్ధతులపై వ్యాసాల వెల్లువ వచ్చింది. వాటిలో చాలా భాగం మునుపటి ఖర్చు కన్నా మరికాస్త తగ్గించామన్న పోటీగా మిగిలాయి. కోట్లాది కూర్పుల్లోంచి అత్యల్ప ఖర్చును వెలికి తీయడం గొప్పే. అయితే నేల ఎత్తు కొలతలోనే నాలుగు మీటర్ల తప్పుంటే ఆ గొప్ప ఎందుకూ కొరగాదు.

డోన్ వంటి గుట్టల నేలలో ఈ మాటకు మరింత బరువుంది. 2000 సంవత్సరపు అంతరిక్ష రాడార్ సర్వే నుంచి వచ్చిన ఎత్తుల పటాలను ఉచితంగా దొరుకుతాయన్న కారణంగా విరివిగా వాడుతున్నారు. ఆ సర్వే నిర్దేశించుకున్న నిలువు కచ్చితత్వం 16 మీటర్లు. నిజంలో తప్పు అంతకన్నా తక్కువగా ఉండవచ్చు. అయినా 7 మీటర్ల కనీస పీడనం చుట్టూ తిరిగే రూపకల్పనకు అటువంటి పటం ప్రాథమిక అంచనాకు తప్ప పనికిరాదు. లెవెలింగ్ పరికరంతో నడిచి కొలిచిన ఎత్తులకు ప్రత్యామ్నాయం లేదు.

మన దేశంలో గ్రామీణ పథకాలు ఎక్కువగా చెట్టు కొమ్మల ఆకారంలో ఉంటాయి, వలయాలు తక్కువ. ఇటువంటి జాలాల కోసం ఐఐటీ బొంబాయి రూపొందించిన జల్‌తంత్ర ఉచితంగా లభిస్తుంది. కొమ్మల జాలానికి అత్యల్ప ఖర్చు కూర్పును కచ్చితంగా కనుగొనగలదు. ఇంజనీరు చేతిలో అది ఉండటం మేలే. దానికి ఏ నియమాలు ఇవ్వాలన్నది మాత్రం ఇంజనీరు బాధ్యత. చివరి బిందువుల వద్ద కనీస పీడనాన్ని 7 మీటర్లకు బదులు 10 మీటర్లుగా పెట్టడం, గుణకాన్ని కొత్త గొట్టపు విలువతో కాక పదిహేనేళ్ల తరవాతి విలువతో లెక్కించడం, రెండూ ఒక అంకెను మార్చినంత సులువు. ఇంకాస్త ముందుకు వెళ్లదలచినవారికి 2000లో టోడిని ప్రతిపాదించిన స్థితిస్థాపక సూచిక ఉంది. అవసరానికి మించి బిందువుల వద్ద మిగిలే శక్తి, మొత్తం అందుబాటు శక్తిలోంచి కనీస అవసరం పోగా మిగిలిన దానిలో ఎంత భాగమో అది కొలుస్తుంది. ఖర్చును, ఈ సూచికను కలిపి రెండు లక్ష్యాలుగా తీసుకుంటే, ఒక్క జవాబుకు బదులు కొన్ని జవాబుల వరుస వస్తుంది. ఎంత అదనపు ఖర్చుకు ఎంత భద్రత వస్తుందో అధికారుల ముందు, ప్రజాప్రతినిధుల ముందు బహిరంగంగా పెట్టవచ్చు.

ఇక్కడ పద్దుల చిక్కు ఒకటుంది. గొట్టం ఖర్చు పథకం పద్దులోంచి ఒకసారి వస్తుంది. విద్యుత్తు బిల్లు, మరమ్మతులు ఏటేటా మరొకరి నెత్తిన పడతాయి. పంపు నుంచి వెళ్లే మార్గంలో గొట్టం సన్నబడితే బిల్లు పెరుగుతుంది. ముప్పై ఏళ్ల విద్యుత్తు ఖర్చును నేటి విలువకు మార్చి లెక్కలో చేరిస్తే, అత్యల్ప ఖర్చు వ్యాసం తరచుగా ఒక మెట్టు పైకి జరుగుతుంది. లెక్కలో చేర్చకపోవడం కూడా ఒక నిర్ణయమే.

6. అందరూ అడిగినంత పొందుతారన్న ఊహ

నమూనాల్లో చాలాకాలం దాగి ఉన్న ఊహ ఒకటుంది. ప్రతి బిందువూ తన అవసరాన్ని పూర్తిగా తీసుకుంటుందని ముందే అనుకొని, ఆపైన పీడనం లెక్కించడం. పీడనం చాలకపోతే నమూనా రుణ సంఖ్యను చూపుతుంది తప్ప, నీరు ఆగిపోయిందని చెప్పదు. పట్నవాసపు నిరంతర సరఫరాకు ఈ ఊహ చెల్లుతుంది. రోజుకు గంటో రెండు గంటలో నీరు వదిలే ఊళ్లలో చెల్లదు. నీరు వదలగానే ఎగువ ఊళ్లు తమ వాటాకు మించి తోడుకుంటాయి. దిగువన గాలి బుసలు కొడుతుంది.

నాగపూర్ విశ్వేశ్వరయ్య ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యులు పి.ఆర్. భావే 1981లోనే ఈ లోపాన్ని ఎత్తిచూపి, లభ్య పీడనాన్ని బట్టి ఏ బిందువుకు ఎంత నీరు చేరుతుందో లెక్కించే పద్ధతిని ప్రతిపాదించారు. అటువంటి విశ్లేషణ ఎపానెట్‌లో అంతర్భాగం కావడానికి 2020లో వచ్చిన 2.2 సంచిక దాకా ఆగవలసి వచ్చింది. మెట్ట ప్రాంతపు పథకాలను పరిశీలించే పరిశోధకులు పాత పద్ధతిలో చేసిన నమూనాలను ఈ కోణంలో తిరిగి నడిపి చూస్తే, ఏ ఊరు ముందుగా ఎండుతుందో పేరుతో సహా తేలుతుంది.

7. తనిఖీ సాధనంగా నమూనా

పథకం ప్రారంభమైన మరునాటి నుంచి నమూనాను ఎవరూ తెరవకపోవడమే ఎక్కువ చోట్ల ఆచారం. భూమిలో పాతిన గొట్టాన్ని కంటితో తనిఖీ చేయలేం. గొట్టం లోపల ఏమి జరుగుతోందో పీడనం, ప్రవాహం చెబుతాయి. నమూనా చెప్పిన విలువకు, కొలిచిన విలువకు మధ్య తేడాయే తనిఖీ నివేదిక.

చివరి ఊళ్లో పీడనం తగ్గిందన్న ఒక్క సమాచారంతో ఏదీ తేలదు. గొట్టం పగిలినా తగ్గుతుంది, పూడినా తగ్గుతుంది. తొట్టి దగ్గరి ప్రవాహ మీటరును కూడా చూస్తే రెండింటికీ తేడా తెలుస్తుంది. లీకేజీ లేదా అక్రమ కనెక్షన్ ఉంటే మొదట్లో ప్రవాహం పెరుగుతుంది. పూడిక లేదా సగం మూసిన వాల్వు ఉంటే ప్రవాహం తగ్గి, అడ్డంకికి ఎగువన పీడనం పెరుగుతుంది. అడ్డంకి ఎక్కడుందో తెలియాలంటే మధ్యలో ఒకటి రెండు పీడన గేజీలు ఉండాలి.

వరుసక్రమం ఇక్కడ ముఖ్యం. ముందు నీటి వాడకం పూర్తిగా ఆపి, నిలకడ స్థితిలో గేజీలు చూడాలి. ప్రవాహం లేనప్పుడు ఘర్షణ ఉండదు కాబట్టి, అప్పుడు కనిపించే తేడా నేల ఎత్తు కొలతలోని తప్పు లేదా గేజీ తప్పు. దాన్ని సరిచేశాక పూర్తి ప్రవాహంలో చూడాలి. అప్పటి తేడాకు గరుకుదనం కారణం కావచ్చు, మూసిన వాల్వు కారణం కావచ్చు. రెండింటి నష్టమూ ప్రవాహంతో దాదాపు ఒకే తీరులో పెరుగుతుంది కనుక, ప్రవాహాన్ని మార్చి చూసినంత మాత్రాన వాటిని వేరు చేయలేం. కంప్యూటర్‌కు వదిలేస్తే అది గరుకుదనాన్ని నమ్మలేనంత పెంచి లెక్క సరిపెడుతుంది. నునుపు గుణకం 60కి దిగిందని నమూనా అంటే, చేయవలసింది నివేదిక రాయడం కాదు. వాల్వు గుంటలు తెరిచి చూడటం. ఏ వాల్వును ఏ వేసవిలో ఎవరు తిప్పారో పంపు ఆపరేటరుకు, లైన్‌మన్‌కు తెలిసినంతగా ఏ అల్గారిథమ్‌కూ తెలియదు. చెరువుల కాలంలో ఆ జ్ఞానం నీరుగంటిది.

కొలతల నుంచి లీకేజీల చోటును వెనక్కి లెక్కించే విలోమ పద్ధతిని 1992లో పుడార్, లిగెట్ ప్రతిపాదించారు. తెలియని రాశులు వందలు, గేజీలు పది. అందుకే జవాబు ఒకటి కాక అనేకం వస్తాయి. గేజీలను ఎక్కడ అమర్చితే అనుమానాలు ఎక్కువగా తొలగుతాయన్నది మళ్లీ ఆప్టిమైజేషన్ సమస్యే. ఇంటర్నెట్‌కు అనుసంధానించిన సెన్సార్లు చౌకైనా, అవి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మారదు. కొమ్మల జాలంలో ప్రతి కొమ్మ చివరా ఒక గేజీ ఉండటం కనీస అవసరం.

కొలతకు లొంగినా కంటికి దొరకనంత వేగంగా జరిగిపోయేది మరొకటుంది. పంపు నడుస్తుండగా కరెంటు పోతే గొట్టంలోని నీరు ఒక్కసారిగా ఆగి పీడన తరంగం లేస్తుంది. ఇనుప గొట్టంలో ఆ తరంగం సెకనుకు సుమారు వెయ్యి మీటర్ల వేగంతో వెళ్తుంది. నీరు సెకనుకు మీటరున్నర వేగంతో పారుతుంటే, 19వ శతాబ్ది చివర జుకోవ్‌స్కీ ఇచ్చిన సూత్రం ప్రకారం, పీడనం 150 మీటర్ల మేర మారవచ్చు. నిలకడ ప్రవాహపు నమూనాలు దీన్ని చూపవు, విడిగా లెక్కించాలి. విద్యుత్తు తరచూ పోయే చోట కీళ్ల దగ్గర గొట్టాలు మళ్లీ మళ్లీ పగులుతుంటే, గొట్టం నాణ్యతను అనుమానించే ముందు గుట్టల మీది గాలి వాల్వులను, పంప్‌హౌస్‌లోని నిరోధక ఏర్పాట్లను పరిశీలించాలి.

8. ఫైలు ఎవరి దగ్గర ఉండాలి

ఎపానెట్ నమూనా సాధారణ పాఠ్య రూపంలోని ఒక చిన్న ఫైలు. బిందువుల ఎత్తులు, గొట్టాల పొడవులు, వ్యాసాలు, వాల్వుల జాబితా అందులో వరుసగా ఉంటాయి. అచ్చువేస్తే ఒక గ్రామ సముదాయపు జాలం కొన్ని పుటల్లో ఇమిడిపోతుంది. పని అప్పగించేటప్పుడు పంప్‌హౌస్ తాళాలు, మోటార్ల వారంటీ కాగితాలు చేతులు మారతాయి. ఈ ఫైలు మాత్రం తరచుగా నమూనా తయారు చేసినవారి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. తవ్వకంలో రాయి అడ్డొచ్చి గొట్టం దారి మళ్లితే, ఆ మార్పు అందులోకి ఎక్కదు.

నిర్మించిన తరవాతి అసలు కొలతలతో సవరించిన ఫైలును నిర్వహణ చేపట్టేవారికి ఇవ్వడాన్ని టెండరు షరతుల్లో చేర్చవచ్చు. ఏడాదికి రెండుసార్లు, వేసవికి ముందు ఒకసారి, వానలు వెనుకబడ్డాక ఒకసారి, కొమ్మల చివరి గేజీల విలువలను నమూనాతో పోల్చడం సమీపంలోని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల విద్యార్థులు చేయగల పని. అటువంటి కొలతల వరుస ఐదేళ్లు పోగైతే, డోన్ నేలలో, డోన్ నీటితో గొట్టం ఎంత వేగంగా గరుకెక్కుతుందో స్థానిక అంకె లభిస్తుంది. తరవాతి పథకపు రూపకల్పనలో పుస్తకంలోని గుణకానికి బదులు ఆ అంకెనే వాడవచ్చు.